ఏది సరేనో రాయండి
వ్యాపార ఉత్తరాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

టైపు హయ్యర్ పాసై 1985లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక లారీ స్పేర్ పార్టుల హోల్‌సేల్ దుకాణంలో చేరాను. 2016లో మానేసే దాకా అక్కడే. కొటేషన్లు, ఆర్డర్లు, బాకీ గుర్తుచేసే ఉత్తరాలు, సరుకు పంపామని చెప్పే ఉత్తరాలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా వాట్సాప్ గురించే. కాగితం పోయి ఫోను వచ్చింది గానీ ఒకరిని ఒక పని అడగడం, అడిగినదానికి ఒప్పుకోవడం అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. నాకు మొదటినుంచీ ఒక బాధ ఉంది. కుదరదని చెప్పాల్సి వస్తే నాలుగుసార్లు ఆలోచించి రాస్తాం. కుదురుతుందని చెప్పేటప్పుడు ఒక్క ముక్క పడేసి ఊరుకుంటాం. మా దుకాణంలో నేను చూసిన తగాదాలు చాలావరకు "సరే" అన్న దగ్గరే మొదలయ్యాయి. అందుకే ఈసారి ఒప్పుకునే జవాబుల మీద కాస్త ఎక్కువ రాస్తున్నాను.

ప్రశ్న: మాది మంగళగిరి. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి, ఇంకో ఐదిళ్ల వాళ్ల చేత నేయిస్తాం. హైదరాబాద్‌లో ఒక బట్టల షాపువాళ్లు వాయిస్ మెసేజ్‌లో ఆర్డర్ చెప్తారు, నేను "సరే అండి" అని పెడతాను. శ్రావణ మాసానికి 40 చీరలు పంపితే "మేం చిన్న అంచు అడిగాం, మీరు పెద్ద అంచు పంపారు" అంటూ 14 వెనక్కి పంపారు. నేను విన్నది పెద్ద అంచే. ఇప్పుడు దసరాకి మళ్లీ అడుగుతున్నారు. వదులుకోలేను. జవాబు ఎలా పెట్టాలి?

జవాబు: అమ్మా, మీరు విన్నది మీకు తెలుసు, వాళ్లు చెప్పింది వాళ్లకు తెలుసు. రెండూ ఒకటేనా అని సరిచూసుకునే రాత మాత్రం ఎవరి దగ్గరా లేదు. ఆ రాత మీరు పెట్టే జవాబే కావాలి.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. 1991లో శ్రీకాకుళం వైపు నుంచి ఒక లారీ యజమాని కమాన్ కట్టలు (చక్రాల దగ్గర బండి బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీలు) కావాలని కార్డు రాశారు. ముందు చక్రాలవి ఒక జత వెంటనే, వెనకవి ధర ఎంతో చెప్పమని. నేను జవాబులో "మీరు కోరిన ప్రకారం కమాన్ కట్టలు ఒక జత పంపుతున్నాము" అని టైపు చేసి సంతకానికి పెట్టాను. గోడౌన్ కుర్రాడు నా కాపీ చూసి వెనక కట్టలు ఎక్కించాడు. అక్కడ బండి ఆరు రోజులు షెడ్డులో నిలబడిపోయింది. బండి ఆగిందని డ్రైవరు బత్తా ఆగదు, ఫైనాన్స్ వాయిదా ఆగదు. ఆయన ఫోన్ చేసి తిట్టలేదు. "అమ్మా, నేను ముందువని రాశాను, మీరు ఏవని రాశారో ఒకసారి చూడండి" అన్నారు. కాపీ తీసి చూస్తే ముందువో వెనకవో లేనే లేదు. మా ఓనరుగారు పిలిచి ఒకటే మాట చెప్పారు: "సరే అని రాయకమ్మా. ఏది సరేనో రాయి." ఆ కాపీని చాలాకాలం నా టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాను, రోజూ కనబడాలని.

మీ దసరా ఆర్డర్‌కి ఇలా పెట్టి చూడండి. లెక్కలు, కొలతలు మీవి వేసుకోండి.

"నమస్తే అండి. ఆదివారం మీరు వాయిస్‌లో చెప్పిన ఆర్డర్ అందింది, చాలా సంతోషం. చేసి ఇస్తాం. నేను రాసుకున్నది ఇదీ. మంగళగిరి కాటన్ చీరలు మొత్తం 40. వాటిలో ఒక అంగుళం జరీ అంచువి 25, నాలుగు అంగుళాల అంచువి 15. రంగులు కింది ఫొటోలో 1 నుంచి 8 వరకు నంబర్లు వేశాను, ఒక్కో రంగులో ఐదు. అన్నింటికీ జాకెట్ ముక్క ఉంటుంది. చిన్న అంచు చీర 1,450, పెద్ద అంచు 1,900. మొత్తం 64,750, పన్ను కాక. సెప్టెంబర్ 12కి 20 చీరలు, 24కి మిగతా 20 మీకు అందేలా పంపిస్తాం. రవాణా ఖర్చు మీది. అడ్వాన్స్ 20,000, మిగిలింది రెండో విడత అందిన వారంలోగా. ఇందులో ఏదైనా తేడా ఉంటే చెప్పండి. రేపు సాయంత్రంలోగా మీరు 'ఖాయం' అని పెడితే ఎల్లుండి నూలు రంగుకి ఇస్తాను. నూలు రంగు వేశాక రంగులు మార్చడం కుదరదు."

ఇంత పొడుగా అనిపిస్తుంది. చదవడానికి ఒక్క నిమిషం పడుతుంది, 14 చీరలు వెనక్కి రావడంతో పోల్చుకోండి. ఇందులో నేను కావాలని చేసినవి మూడు ఉన్నాయి.

ఒకటి, "చేసి ఇస్తాం" అన్నది ముందే వచ్చేసింది. మా నాన్నగారి రోజుల్లో శుభకార్యం ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు రాసేవాళ్లు. కార్డు చేతిలోకి రాగానే, చదవకముందే మంచి కబురని తెలిసేది. ఒప్పుకునే జవాబుకి మొదటి వాక్యమే ఆ పసుపు. ఎదుటివాళ్లు మీ మెసేజ్ తెరిచేది అవునో కాదో చూద్దామని. అది తెలిశాక మిగతాది నిదానంగా చదువుతారు.

రెండు, "నేను రాసుకున్నది ఇదీ" అన్న మాట. "మీరు ఇలా చెప్పారు" అంటే ఎదుటివాళ్ల మీద పెట్టినట్టు ఉంటుంది. "నేను రాసుకున్నది" అంటే తప్పుంటే మనదే అని ముందే ఒప్పుకున్నట్టు. వాళ్లు కూడా సిగ్గుపడకుండా దిద్దుతారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం, చివరి రెండు వాక్యాలు. ఎప్పటిదాకా మార్చుకోవచ్చో, ఎప్పటినుంచి మార్చలేమో మీ పనిని బట్టి చెప్పండి. నేతపనిలో అది నూలు రంగు వేసే రోజు. వంటవాళ్లకి సరుకులు తెచ్చే రోజు, ప్రెస్సువాళ్లకి ప్లేటు తీసే రోజు. కారణం కళ్లముందు కనబడుతుంటే ఎవరూ దాన్ని మొండితనం అనుకోరు.

చట్టం కూడా ఇదే అంటుంది. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం పూర్తిగా, ఏ షరతూ తగిలించకుండా ఉండాలి. వాళ్లు చిన్న అంచు అడిగితే మీరు "సరే, పెద్ద అంచు పంపుతాను" అంటే అది ఒప్పుకోవడం కాదు, మీరు కొత్తగా ఇంకో బేరం పెట్టినట్టు. దానికి మళ్లీ వాళ్లు ఒప్పుకోవాలి. అందుకే వాళ్ల నోటి నుంచి ఆ "ఖాయం" రావాలన్నాను.

వాయిస్ మెసేజ్ మానేయమని మీరు చెప్పక్కర్లేదు. వాళ్లకి అదే సుఖం. మా రోజుల్లో తొందర పనైతే టెలిగ్రాం ఇచ్చేవాళ్లం. మాటకింత అని డబ్బు కాబట్టి నాలుగు ముక్కల్లో ముగించేవాళ్లం. కానీ టెలిగ్రాం ఇచ్చిన రోజే అదే విషయం వివరంగా టైపు చేసి, "టెలిగ్రాం ధ్రువీకరణ" అని పైన వేసి పోస్టులో పంపేవాళ్లం. 2013 జూలైలో టెలిగ్రాం ఆగిపోయింది. ఆ అలవాటు కూడా దానితోనే పోవడం నాకు కష్టంగా ఉంది. ఫోనులో మాట్లాడినా, వాయిస్‌లో విన్నా, పది నిమిషాల్లో అక్షరాల్లో పెట్టేయండి.

ఒక్క మాట. పాత 14 చీరల గొడవ ఈ జవాబులోకి తేవద్దు. దానికి వేరే మెసేజ్, వేరే రోజు.

ప్రశ్న: బాలానగర్‌లో నాకు చిన్న లేత్ వర్క్‌షాప్ ఉంది. ఒక కంపెనీకి బుష్‌లు, పిన్నులు చేసి ఇస్తాను. 86,400 రూపాయల బిల్లు మూడు నెలలుగా రాలేదు. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు. గట్టిగా రాస్తే ఆర్డర్లు ఆగిపోతాయని టెన్షన్. మెత్తగా రాస్తే పట్టించుకోరు.

జవాబు: మెత్తగానా గట్టిగానా అన్నది పక్కన పెట్టండి. మీ ఉత్తరం అందుకున్న మనిషి కుర్చీలోంచి లేవకుండా మీ పని చేయగలగాలి. అలా ఉందా లేదా, అదొక్కటే చూసుకోండి. అకౌంట్స్‌లో కూర్చున్న అమ్మాయో అబ్బాయో మీ పేరుతో బిల్లు వెతకాలి, స్టోర్సుకు ఫోన్ చేసి సరుకు అందిందా అని అడగాలి, ఆర్డర్ నంబర్ పట్టుకోవాలి. ఆ మూడు పనులూ మీరే చేసి పెడితే మీ కాగితం పైకి వస్తుంది.

"నమస్కారం. మా బిల్లు నంబర్ 118, జూన్ 9 తేదీది, 86,400 రూపాయలు. మీ ఆర్డర్ నంబర్ బిల్లు మీద ఉంది. సరుకు అదే రోజు మీ స్టోర్సులో దించాం, చలానా మీద మీవారి సంతకం ఉంది. ఒప్పుకున్న 30 రోజుల గడువు జూలై 9తో అయిపోయింది. బిల్లు, చలానా కాపీలు జతచేశాను. డబ్బు ఏ తేదీకి వస్తుందో దయచేసి తెలియజేయండి. ఏదైనా కాగితం తక్కువై ఆగి ఉంటే చెప్పండి, అదే రోజు పంపిస్తాను."

"వీలైనంత త్వరగా" అని రాయకండి. దానికి జవాబు కూడా "వీలైనంత త్వరగా" అనే వస్తుంది. తేదీ అడిగితే తేదీ చెప్పాల్సి వస్తుంది.

ఉత్తరం రాయబోయే ముందు ఒకటి చూసుకోండి. చాలా కంపెనీలు మీ బిల్లు వాళ్ల జీఎస్‌టీఆర్-2బీలో (అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ తయారుచేసే జాబితా) కనబడేదాకా డబ్బు ఆపుతాయి, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లకి పన్ను క్రెడిట్ రాదు. మీరు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతిలో ఉంటే, మొదటి రెండు నెలల బిల్లుల్ని ఐఎఫ్ఎఫ్‌లో (ఆ పద్ధతిలో ఉన్నవాళ్లు నెలనెలా బిల్లులు ఎక్కించుకునే వీలు) మరుసటి నెల 13లోగా ఎక్కించకపోతే అవి త్రైమాసికం అయ్యేదాకా వాళ్లకి కనబడవు. మీ ఆడిటర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి. చిక్కు అక్కడే ఉంటే కంపెనీ మీద కోపం పెట్టుకుని లాభం లేదు.

చిక్కు మీ వైపు లేకపోతే మీకు చట్టం అండ ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు ఒప్పుకున్న గడువులో చెల్లించాలి. ఒప్పందం ఏది రాసుకున్నా ఆ గడువు 45 రోజులు దాటకూడదు. అసలు రాతలో ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, ఆ గడువు దాటి చెల్లించిన సొమ్మును, సరుకు కొన్న కంపెనీ చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలదు. అంటే మార్చి నెలాఖరుకి మీ బాకీ వాళ్లకి కూడా బరువే.

ఇదంతా మొదటి ఉత్తరంలో పెట్టకండి. మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు) ఉంటే ఆ నంబరు, "సూక్ష్మ పరిశ్రమ" అన్న మాట బిల్లు మీదే అచ్చు వేయించండి. ప్రతి బిల్లూ నెమ్మదిగా ఆ సంగతి చెప్తూనే ఉంటుంది. లేకపోతే ఇవాళే చేయించుకోండి, ప్రభుత్వ పోర్టల్‌లో ఫీజు ఏమీ లేదు. రెండో ఉత్తరానికీ కదలిక లేకపోతే అప్పుడు చట్టం పేరు, ఇలాంటి బాకీల మీద ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ పోర్టల్ పేరు రాయొచ్చు.

"శుక్రవారం వేస్తాం" అని వాళ్లు ఫోనులో అంటే అక్కడితో ఆగకండి. వెంటనే "శుక్రవారం 86,400 పంపుతామన్నారు, చాలా సంతోషం, ధన్యవాదాలు" అని పెట్టండి. వాళ్ల సరేని మీరే రాతలోకి తెస్తున్నారు, అదీ కృతజ్ఞతతో. డబ్బు పడ్డ రోజున ఇంకో రెండు ముక్కలు: "అందింది, ఈ బిల్లు పూర్తయింది." బాకీ అడగడానికి పది మెసేజ్‌లు పెట్టేవాళ్లు అందిందని ఒక్కటి పెట్టరు. ఆ అకౌంట్స్ అమ్మాయికి మీ తర్వాతి బిల్లు గుర్తుండేది దానివల్లే.

ప్రశ్న: ఉత్తరం చివర "ఇట్లు, తమ విధేయుడు" అని రాయాలా? మా అబ్బాయి నవ్వుతున్నాడు. అలాగే ఆఫీసరు ఆడవారో మగవారో తెలియకపోతే "అయ్యా" అనొచ్చా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: ప్రభుత్వ ఆఫీసుకి అర్జీ పెడితే "ఇట్లు, తమ విధేయుడు" బాగానే ఉంటుంది, అది అర్జీ పద్ధతి. సరుకు కొనేవాళ్లకో అమ్మేవాళ్లకో అక్కర్లేదు. ఇద్దరూ సమానంగా కూర్చుని చేసే పని అది. "నమస్కారాలతో" అని రాసి పేరు, ఊరు, ఫోన్ నంబరు వేయండి. ఎవరో తెలియనప్పుడు హోదాతో పిలవండి: "తహసీల్దార్ గారికి", "మేనేజర్ గారికి". గారు అందరికీ సరిపోతుంది. మన భాషలో ఆ ఒక్క మాట ఉండటం ఎంత మేలో, 31 ఏళ్లలో రోజూ అనుకునేదాన్ని.

ప్రశ్న: మా ఇంటి లోన్ ఆగస్టులో తీరిపోయింది. ఒరిజినల్ దస్తావేజుల కోసం బ్యాంకుకి మూడుసార్లు వెళ్లాను. "హెడ్డాఫీసు నుంచి రావాలి, ఫోన్ చేస్తాం" అంటున్నారు. మర్యాదగా, పని అయ్యేలా ఒక ఉత్తరం చెప్పండి. (కాకినాడ పాఠకురాలు)

జవాబు: మూడుసార్లు వెళ్లారు గానీ బ్యాంకు పుస్తకాల్లో ఒక్కసారి కూడా వెళ్లినట్టు లేదు. నోటితో అడిగినదానికి తేదీ ఉండదు. ఇలా రాయండి:

"బ్రాంచి మేనేజర్ గారికి నమస్కారం. మీ బ్రాంచిలో నా పేరిట ఉన్న ఫలానా నంబరు ఇంటి లోన్ ఆగస్టు 11న పూర్తిగా చెల్లించాను. లోన్ ముగిసినట్టు మీరిచ్చిన పత్రం కాపీ జతచేశాను. లోన్ తీసుకునేటప్పుడు నేను మీకిచ్చిన దస్తావేజుల జాబితా కింద ఉంది. అవన్నీ నాకు తిరిగి ఇప్పించాలని, ఇంటి మీద నమోదైన తనఖా తీసివేయించాలని కోరుతున్నాను. సెప్టెంబర్ 10తో 30 రోజులు పూర్తవుతాయి. నేను ఏ రోజు, ఎన్ని గంటలకు రావాలో తెలియజేస్తే గుర్తింపు కార్డుతో వస్తాను."

ఆ 30 రోజుల మాట ఊరికే పెట్టింది కాదు. లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇచ్చి, నమోదైన తనఖా తీసేయించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబర్‌లో ఆదేశం ఇచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి. మీ ఉత్తరంలో 5,000 మాట ఎత్తక్కర్లేదు. 30 రోజులు అన్న రెండు ముక్కలు చూస్తేనే మీకు రూలు తెలుసని మేనేజర్‌కి అర్థమవుతుంది.

దస్తావేజుల జాబితా జాగ్రత్తగా రాయండి. సేల్ డీడ్ నంబరు, సంవత్సరం, లింకు డాక్యుమెంట్లు ఎన్ని, ప్లాను ఉందా, అన్నీ. "నా కాగితాలు" అని రాస్తే వాళ్ల దగ్గర ఏది దొరికితే అవే మీ కాగితాలు.

ఉత్తరం రెండు కాపీలు తీయండి. రెండోదాని మీద "ముట్టింది" అని బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. కౌంటర్లో వేయకపోతే కోప్పడకండి, అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, బ్రాంచి మెయిల్‌కి కూడా పెట్టండి. కాగితాలు తీసుకునే రోజున జాబితా పట్టుకెళ్లి ఒక్కొక్కటీ సరిచూసుకున్నాకే సంతకం చేయండి. లోన్ తీసుకున్న రోజు ఆత్రంగా సంతకాలు పెడతాం, ఈ రోజు మాత్రం నిదానంగా పెట్టాలి. తనఖా రద్దు అయిందో లేదో తర్వాత ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీసుకుని చూసుకోండి.

ప్రశ్న: గచ్చిబౌలిలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మేనేజర్ ఏదైనా పని చెప్తే "నోటెడ్" అని పెడతాను, లేదా బొటనవేలు గుర్తు. "నువ్వు ఒప్పుకున్నావో, చూసి వదిలేశావో తెలియడం లేదు" అన్నారు. ఇంకేం రాయాలి?

జవాబు: బాబూ, మీ మేనేజర్ అడిగింది న్యాయమే. "నోటెడ్" అంటే చదివానని మాత్రమే. చేస్తానని కాదు. "సరే సర్, రిపోర్ట్ గురువారం మధ్యాహ్నం మూడింటికల్లా మీ మెయిల్‌లో ఉంటుంది. జూన్ లెక్కలు మాత్రం ఫైనాన్స్ నుంచి రావాలి, రేపు అడుగుతాను" అని పెట్టి చూడండి. పని, గంట, అడ్డు పడేదేమైనా ఉంటే అది. ఇంగ్లీషులో రాసినా ఇంతే. మీరు ఏదైనా కోరేటప్పుడు "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అని ముగించే అలవాటుంటే మానుకోండి. ఆ నీడ్‌ఫుల్ ఏమిటో చెప్పడమే కదా ఉత్తరం పని.

ప్రశ్న: రాజమండ్రిలో కేటరింగ్ చేస్తాం. ఒక పెళ్లికి 600 మందికి ప్లేటు 320 చెప్పాం. 300కి చేయమని వాట్సాప్‌లో అడిగారు. కావలసినవాళ్లు, వరసకి బాబాయి అవుతారు. ఒప్పుకుందామనే ఉంది. కానీ పోయిన ఏడాది ఇంకొకరికి ఇలాగే ఒప్పుకుంటే చివరికి ఐటెములు పెంచారు, వాళ్ల చుట్టాలందరూ అదే రేటు అడిగారు. మనసు నొప్పించకుండా ఎలా రాయాలి?

జవాబు: ఒప్పుకునేటప్పుడు సంతోషంగా ఒప్పుకోండి. "సరేలెండి, మీరు అడిగారు కాబట్టి తప్పదు" అని మూలుగుతూ ఇస్తే, 12,000 రూపాయలూ పోతాయి, మంచితనమూ దక్కదు. తగ్గించిన ప్రతిసారీ ఎందుకు తగ్గుతోందో ఆ కారణం రాయండి. కారణం ఈ పెళ్లికే చెందినదై ఉండాలి. అప్పుడు రేపు చుట్టాలు అడిగినా మీరు ఆ కారణమే చూపించగలరు.

"బాబాయిగారూ, నమస్కారం. చెల్లెలి పెళ్లి వంట మాకు అప్పజెప్పినందుకు చాలా సంతోషంగా ఉంది. మీరన్నట్టే ప్లేటు 300కి చేస్తాం. 600 ప్లేట్లు ఖాయమన్నారు, కల్యాణమండపంలో వంటశాల, నీళ్లు ఉన్నాయి కాబట్టి ఈ రేటు మాకు కుదిరింది. మొత్తం 1,80,000. ఇందులో వచ్చేవి: బూరె, పూతరేకు, పులిహోర, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, ముద్దపప్పు, ముక్కల పులుసు, గోంగూర పచ్చడి, అప్పడం, వడియాలు, అన్నం, నెయ్యి, పెరుగు, కిళ్లీ. అరిటాకులు, వడ్డించే మనుషులు మావాళ్లే. వాటర్ బాటిళ్లు, ఐస్‌క్రీం ఇందులో లేవు, కావాలంటే వేరే చెప్తాను. పెళ్లికి నాలుగు రోజుల ముందు మనుషుల లెక్క ఖాయం చేద్దాం. ఆ తర్వాత 50 ప్లేట్ల దాకా ఇదే రేటుకి సర్దుతాం, అంతకు మించితే ప్లేటు 320. పిన్నిగారికి పనసపొట్టు కూరలో ఆవ ఘాటు ఎక్కువ కావాలని గుర్తుంది, అలాగే చేయిస్తాను."

ఆఖరి వాక్యం అలంకారానికి పెట్టలేదు. లెక్కలన్నీ చెప్పిన తర్వాత ఆ ఇంటివాళ్లకి మీరు ఇంకా కొడుకు వరస మనిషిగానే ఉన్నారని అది చెప్తుంది. అలాంటిది నిజంగా గుర్తున్నదే రాయండి, లేకపోతే వదిలేయండి.

50 ప్లేట్లు ఎందుకన్నానంటే, గోదావరి జిల్లాల పెళ్లిలో పిలవనివాళ్లు కూడా ఆశీర్వదించడానికి వస్తారు, వాళ్లని లేపి పంపే ఇల్లు ఉండదు. ఆ 50కి ముందే దారి చూపిస్తే పంక్తి మధ్యలో మీకూ వాళ్లకీ ఇబ్బంది రాదు. మీ సరుకుల లెక్కని బట్టి అది 30 చేసుకోండి, 60 చేసుకోండి.

ఈ మెసేజ్ బాబాయిగారు ఒక్కరికే పంపి ఊరుకోవద్దు. పెళ్లిలో డబ్బు సంచి ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కుని ఆయనకి కూడా పంపండి. పెళ్లిరాత్రి పదకొండింటికి, సామాను కడుగుతుండగా మీతో కూర్చుని లెక్క తేల్చేది ఆయనే.